మైకు వదిలి పార్లమెంటుకు: యాంకర్లూ ఆర్జేలూ చేయాల్సిన పనులు

టీవీలో డిబేట్ నడిపేవాళ్లకూ, ఎఫ్‌ఎంలో పొద్దున షో చేసేవాళ్లకూ, ఆకాశవాణిలో వార్తలు చదివేవాళ్లకూ రాజకీయాల్లో ఒక సౌలభ్యం ఉంది. పేరు చెప్పగానే, ఒక్కోసారి గొంతు వినగానే జనం గుర్తుపడతారు. పార్టీలు కబురు పెట్టేది కూడా ఆ గుర్తింపు కోసమే. అయితే ఎంపీ కావడానికి చేయాల్సిన పనుల్లో గొంతుతో సాగేవి తక్కువ, కాగితంతో సాగేవి ఎక్కువ. ఓటరు జాబితా నకలు, అఫిడవిట్, ఖర్చుల రిజిస్టరు, సభకు ఇచ్చే నోటీసు: స్టూడియో నుంచి వచ్చినవాళ్లు తడబడేది వీటి దగ్గరే. అందుకే ఈ వ్యాసంలో ఉపన్యాస కళ గురించి తక్కువగా, మిగతా వాటి గురించి ఎక్కువగా చెబుతున్నాం.

ముందు ఏ సభో తేల్చుకోండి

లోక్‌సభకు కనీస వయసు 25 ఏళ్లు, రాజ్యసభకు 30. రెండింటికీ దేశంలో ఎక్కడో ఒకచోట మీరు ఓటరుగా నమోదై ఉంటే చాలు.

టీవీ వార్తల నుంచి వచ్చినవాళ్ల చరిత్ర చూస్తే ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. 2014లో అశుతోష్ చాందినీ చౌక్‌లో, షాజియా ఇల్మీ గాజియాబాద్‌లో పోటీ చేసి ఓడిపోయారు. 2019లో సుప్రియా శ్రీనేత్ మహారాజ్‌గంజ్‌లో ఓడిపోయారు. ముగ్గురివీ తెరమీద బాగా తెలిసిన ముఖాలే. సాగరికా ఘోష్ 2024లో పశ్చిమ బెంగాల్ నుంచి రాజ్యసభకు వెళ్లారు. 2004లో అమృత్‌సర్‌లో గెలిచిన నవజ్యోత్ సింగ్ సిద్ధూ క్రికెట్ వ్యాఖ్యాతే, కానీ ఆయనకు బ్యాట్‌తో వచ్చిన పేరు ముందే ఉంది. ముఖపరిచయం ఒక్కదానితో లోక్‌సభ సీటు గెలవడం కష్టమన్నది మా అభిప్రాయం. ఆంధ్రప్రదేశ్‌లో 175 అసెంబ్లీ స్థానాలకు 25 లోక్‌సభ స్థానాలు, తెలంగాణలో 119కి 17. అంటే రెండు రాష్ట్రాల్లోనూ ఒక ఎంపీ స్థానంలో ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు ఉంటాయి. ఏడు చోట్లా బూత్ స్థాయి మనుషులు లేకపోతే టీవీలో చూసి చేయి ఊపినవాళ్లు కూడా ఓటు దగ్గర వేరే గుర్తు నొక్కుతారు.

ఆంధ్రలో రెండు ఎన్నికలూ ఒకేసారి జరుగుతాయి కాబట్టి ఎంపీ అభ్యర్థి గెలుపోటములు చాలావరకు ఆ ఏడుగురు ఎమ్మెల్యే అభ్యర్థుల బలం మీద ఉంటాయి. క్రాస్ ఓటింగ్ (ఎమ్మెల్యేకు ఒక పార్టీ, ఎంపీకి ఇంకో పార్టీ) ఉన్నా దాన్నే నమ్ముకుని దిగకూడదు. తెలంగాణలో అసెంబ్లీ ఎన్నికలు కొన్ని నెలల ముందే అయిపోతున్నాయి. అక్కడ క్యాడర్‌ను మళ్లీ కదిలించే భారం ఎంపీ అభ్యర్థి మీదే పడుతుంది.

రాజ్యసభ దారి పూర్తిగా లెక్క. ఎమ్మెల్యేలు ఓటేస్తారు. ఒక్కో ఓటు విలువ 100గా తీసుకుని, మొత్తాన్ని ఖాళీల సంఖ్యకు ఒకటి కలిపిన అంకెతో భాగించి, వచ్చినదానికి ఒకటి కలిపితే గెలుపుకు కావాల్సిన ఓట్ల విలువ తేలుతుంది. తెలంగాణలో మూడు ఖాళీలుంటే 11,900ను 4తో భాగిస్తే 2,975, ఒకటి కలిపితే 2,976, అంటే 30 మంది ఎమ్మెల్యేలు. ఆంధ్రలో మూడు ఖాళీలకు ఇదే లెక్కన 44 మంది. ఓటింగ్ బహిరంగం. పార్టీ ఎమ్మెల్యే తన బ్యాలెట్‌ను పార్టీ ఏజెంటుకు చూపించి మరీ వేయాలి. కాబట్టి ఇక్కడ ప్రచారమంటూ ఏమీ ఉండదు, పార్టీ అధిష్ఠానం ఒప్పుకోవడమే మొత్తం పని.

రాష్ట్రపతి నామినేట్ చేసే 12 స్థానాలు సాహిత్యం, విజ్ఞానం, కళ, సమాజ సేవ రంగాలవి. ఆ దారిలో వెళ్లినవాళ్లు ఏదైనా పార్టీలో చేరాలంటే ప్రమాణం చేసిన ఆరు నెలల్లోపే చేరాలి. ఆ తర్వాత చేరితే ఫిరాయింపుల చట్టం కింద సభ్యత్వం పోతుంది. 2016లో నామినేట్ అయిన పాత్రికేయుడు స్వపన్ దాస్‌గుప్తా 2021లో పార్టీ టికెట్‌పై బెంగాల్ అసెంబ్లీకి దిగినప్పుడు ఇదే ప్రశ్న లేచింది, ఆయన రాజ్యసభకు రాజీనామా చేయాల్సి వచ్చింది.

మైకు ఎప్పుడు వదలాలి

టికెట్ గురించి పార్టీతో మాటలు మొదలైన రోజే రాజకీయ చర్చలు నడపడం ఆపేయండి. చట్టం ఈ మాట చెప్పదు, మేం చెబుతున్నాం. లోపల ఒక పార్టీతో బేరం సాగుతుండగా బయట అన్ని పార్టీల వాళ్లనూ కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తే, టికెట్ ప్రకటించిన మర్నాడే పాత క్లిప్పులన్నీ బయటికొస్తాయి. మిమ్మల్ని నమ్మి చూసినవాళ్ల నమ్మకమే మీ పెట్టుబడి. అది అక్కడే కరిగిపోతుంది.

ఆకాశవాణి, దూరదర్శన్‌లలో పర్మనెంటు ఉద్యోగులు రాజీనామా ఇస్తే సరిపోదు, అది ఆమోదం పొందినట్టు ఉత్తర్వు చేతికి రావాలి. ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో ఉంటే రాజ్యాంగం 102వ అధికరణ అడ్డుపడుతుంది. స్క్రుటినీ (నామినేషన్ల పరిశీలన) రోజు ప్రత్యర్థి లాయరు మొదట అడిగేది ఆ ఉత్తర్వు తేదీనే. నోటీసు పీరియడ్, బకాయిలు, క్వార్టర్ ఖాళీ చేయడం వంటివి నెలలు పట్టవచ్చు, షెడ్యూలు వచ్చేదాకా ఆగకండి. క్యాజువల్ అనౌన్సర్లు, క్యాజువల్ న్యూస్ రీడర్లు తమకు ప్రస్తుతం ఎలాంటి బుకింగులూ లేవని స్టేషన్ నుంచి ఒక ఉత్తరం తీసుకుని ఫైల్లో పెట్టుకోవడం మంచిది. ప్రభుత్వ ఇంట్లో ఉన్నవాళ్లు అద్దె, కరెంటు, నీరు, ఫోను బకాయిలు లేవన్న ధ్రువపత్రాలు కూడా సిద్ధం చేసుకోవాలి.

ప్రైవేటు చానెల్ వాళ్లకు ఈ చిక్కు లేదు. కానీ కాంట్రాక్టులో పోటీ సంస్థలో పనిచేయకూడదన్న షరతు, మీ షో పేరూ పాత వీడియోలూ చానెల్ సొత్తన్న షరతు ఉంటాయి. ప్రచారంలో మీ పాత షో క్లిప్పు వాడాలంటే రాతపూర్వక అనుమతి తీసుకోండి.

పరువు నష్టం కేసులు

యాంకర్లకు మిగతా అభ్యర్థులకన్నా ఎక్కువగా ఉండే ప్రమాదం ఇది. ఏళ్ల తరబడి లైవ్‌లో మాట్లాడినవాళ్ల మీద ఎక్కడో ఒక జిల్లా కోర్టులో క్రిమినల్ పరువు నష్టం ఫిర్యాదు ఉండే అవకాశం ఎక్కువ. చానెల్ లాయరు చూసుకుంటున్నాడు కదా అని మీరు మర్చిపోయి ఉంటారు. అఫిడవిట్‌లో అది రాయాలి. నేరం రుజువై రెండేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడితే సభ్యత్వం పోతుంది, విడుదలయ్యాక మరో ఆరేళ్లు పోటీకి అనర్హత. క్రిమినల్ పరువు నష్టానికి గరిష్ఠ శిక్ష సరిగ్గా రెండేళ్లే. 2023 మార్చి 23న సూరత్ కోర్టు రాహుల్ గాంధీకి ఆ గరిష్ఠ శిక్షే వేసింది, మర్నాడే లోక్‌సభ సభ్యత్వం పోయింది. ఆగస్టులో సుప్రీంకోర్టు స్టే ఇచ్చాకే తిరిగి వచ్చింది.

కాబట్టి నామినేషన్‌కు కనీసం రెండు నెలల ముందే చానెల్ లీగల్ విభాగం నుంచి మీ పేరున్న ప్రతి కేసు నంబరు, కోర్టు, సెక్షను, ప్రస్తుత దశ రాయించుకోండి. మీరు పనిచేసి వదిలేసిన చానెళ్లను కూడా అడగండి. సమన్లు పాత ఆఫీసు చిరునామాకు వెళ్లి అక్కడే పడి ఉండొచ్చు. పెండింగ్ కేసులుంటే వాటిని ప్రచార కాలంలో మూడుసార్లు పత్రికల్లోనూ టీవీలోనూ ప్రకటన ఇచ్చి చెప్పాలి. ఆ ఖర్చు కూడా మీ లెక్కలోకే వస్తుంది.

నామినేషన్ ఫైలు

నోటిఫికేషన్ వచ్చిన రోజు నుంచి, ఆ తర్వాత ఏడో రోజు వరకు నామినేషన్లు, మర్నాడు స్క్రుటినీ, ఆ తర్వాత రెండో రోజు ఉపసంహరణకు గడువు. పత్రాలు తీసుకునేది ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 వరకే, ప్రభుత్వ సెలవు రోజుల్లో తీసుకోరు. చివరి రోజు ర్యాలీతో బయల్దేరి ట్రాఫిక్‌లో ఇరుక్కోవడం కంటే మూడో రోజున మామూలుగా వెళ్లి ఒక సెట్టు వేసి రావడం మేలు. నాలుగు సెట్ల దాకా వేయొచ్చు. ర్యాలీ కావాలంటే రెండో సెట్టుకు పెట్టుకోండి.

లోక్‌సభకు ఫారం 2ఏ. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక ప్రతిపాదకుడు చాలు, ఇండిపెండెంటుకు పది మంది కావాలి, అందరూ ఆ నియోజకవర్గం ఓటర్లే అయి ఉండాలి. ఇండిపెండెంట్లు పదిమందితోనే సంతకాలు పెట్టించి ఆగితే ప్రమాదం. అందులో ఒకరి ఓటు పక్క నియోజకవర్గంలో తేలితే సెట్టు మొత్తం పోతుంది, కాబట్టి వేరే పదిమందితో రెండో సెట్టు వేయండి. డిపాజిట్ 25,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 12,500. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే డిపాజిట్ గల్లంతే.

ఇక్కడ సాధారణంగా జరిగే తప్పులు ఇవి. హైదరాబాద్‌లో ఉద్యోగం, ఓటూ అక్కడే, పోటీ మాత్రం సొంత జిల్లాలో. అలాంటప్పుడు మీ ఓటున్న నియోజకవర్గం జాబితా నుంచి ధ్రువీకరించిన నకలు తెచ్చి నామినేషన్‌తోనో, స్క్రుటినీ సమయానికో ఇవ్వాలి. జిరాక్సు పనికిరాదు. పార్టీ ఇచ్చే ఏ-ఫారం, బీ-ఫారం మీద సంతకాలు సిరాతో పెట్టినవై ఉండాలి, స్టాంపు సంతకాలు చెల్లవు. అవి కూడా ఆఖరి రోజు 3 గంటల్లోపే చేరాలి. ఇంకొకటి, నామినేషన్ వేశాక స్క్రుటినీ తేదీకి ముందు రోజులోగా రాజ్యాంగం మీద ప్రమాణం చేయాలి. పత్రాలిచ్చిన వెంటనే అదే గదిలో చేసేయండి. పత్రాలు ఇచ్చేసి మీడియాతో మాట్లాడటానికి బయటికొచ్చేసి, ఈ ప్రమాణం మర్చిపోవడం జరుగుతుంటుంది.

ఫారం 26 అఫిడవిట్‌ను నోటరీ దగ్గరో, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ముందో చేయాలి. ఒక్క గడి కూడా ఖాళీగా వదలకండి. వర్తించనిచోట “లేదు” అనో “వర్తించదు” అనో రాయాలి. ఖాళీలు వదిలిన అఫిడవిట్‌ను నోటీసిచ్చాక తిరస్కరించవచ్చని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. ఐదేళ్ల ఆదాయపు పన్ను వివరాలు మీవీ, జీవిత భాగస్వామివీ, మీపై ఆధారపడ్డవాళ్లవీ ఇవ్వాలి. యూట్యూబ్ చానెల్ ఆదాయం, ఈవెంట్ల హోస్టింగ్ పారితోషికం, ప్రకటనలకు చెప్పిన వాయిస్ ఓవర్ డబ్బు రిటర్నుల్లో చూపించకుండా ఉండి ఉంటే ఇక్కడ బయటపడుతుంది. మీ సోషల్ మీడియా ఖాతాలన్నీ కూడా రాయాలి, అభిమానులు నడిపేవి కాదు, మీవి.

ఫోటో గురించి ఒక మాట. బ్యాలెట్ మీద వేసే బొమ్మ 2 సెంటీమీటర్లు వెడల్పు, 2.5 సెంటీమీటర్లు ఎత్తు, మూడు నెలల్లోపు తీసింది, తెల్లటి బ్యాక్‌గ్రౌండ్, ముఖం సూటిగా, కళ్లు తెరిచి, మామూలు హావభావంతో ఉండాలి. టోపీ, నల్ల కళ్లద్దాలు పెట్టుకోవద్దు. చానెల్ ప్రోమో స్టిల్ ఇవ్వకండి. జనం గుర్తుపట్టే జుట్టు, కళ్లజోడు మాత్రం షోలో ఎలా ఉండేవో అలాగే ఉంచండి. తెరపేరు, ఓటరు జాబితాలో పేరు వేరైతే, బ్యాలెట్ మీద తెరపేరు కూడా రావాలని రిటర్నింగ్ అధికారికి రాసివ్వండి. మీ పేరే ఉన్న ఇంకొకరిని ప్రత్యర్థులు నిలబెట్టడం మామూలే, అప్పుడు ఈ ఫోటో, ఈ పేరే కాపాడతాయి.

ప్రచారం, ఖర్చు

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 95 లక్షలు, 2022 నుంచి అమల్లో ఉంది. నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నికల కోసమే విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. నామినేషన్ రోజు నుంచి ఫలితం రోజు వరకు అయిన ప్రతి ఖర్చూ రిజిస్టరులో ఎక్కాలి. తెల్ల కాగితాల్లో రోజువారీ ఖర్చు, గులాబీ కాగితాల్లో నగదు, పసుపు కాగితాల్లో బ్యాంకు లావాదేవీలు. ఫలితం వచ్చిన 30 రోజుల్లోపు లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఓడినవాళ్లు కూడా ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్ల అనర్హత పడొచ్చు. ఓడి నిరుత్సాహంతో ఊరుకున్నవాళ్లు తర్వాతి ఎన్నికలను కూడా అలా పోగొట్టుకుంటారు.

మీడియా నుంచి వచ్చినవాళ్లకు మాత్రమే తగిలే నిబంధన ఒకటుంది. అభ్యర్థి గానీ, అతని పార్టీ గానీ సొంత టీవీ చానెల్, కేబుల్, పత్రికను ప్రచారానికి వాడుకుంటే, పైసా చెల్లించకపోయినా ఆ చానెల్ రేటు కార్డు ప్రకారం విలువ కట్టి అభ్యర్థి ఖర్చులో కలపాలి. ప్రైమ్ టైమ్‌లో అరగంట అంటే రేటు కార్డు మీద ఎంతవుతుందో మీకు తెలియంది కాదు. నాలుగైదు రోజులకే పరిమితి దాటిపోతుంది. పాత సహోద్యోగులు అభిమానంతో మీ సభలన్నీ లైవ్ ఇస్తుంటే సంతోషించకండి, పెయిడ్ న్యూస్ (డబ్బిచ్చి వేయించుకున్న వార్త) అనే అనుమానం మీద జిల్లా మీడియా కమిటీ నుంచి నోటీసు వచ్చే ప్రమాదం ఉంది. అందరు అభ్యర్థులకూ ఇచ్చినంతే ఇవ్వమని వాళ్లకు ముందే చెప్పండి.

టీవీ, రేడియో, కేబుల్, సోషల్ మీడియా ప్రకటనలకు ముందస్తు ధ్రువీకరణ తప్పనిసరి. గుర్తింపు పొందిన పార్టీలూ, అభ్యర్థులూ ప్రసారానికి కనీసం మూడు రోజుల ముందు దరఖాస్తు చేయాలి, తయారీ ఖర్చు, స్లాట్ల వివరాలు, స్క్రిప్టు జతచేసి. మీ సొంత ఖాతాలో మీరు పెట్టుకునే మామూలు పోస్టుకు, వీడియోకు ఈ ధ్రువీకరణ అక్కర్లేదు. కానీ ఆ వీడియోలు తీసే కెమెరామెన్ జీతం, ఎడిటర్ జీతం ఖర్చులోకి వస్తాయి. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు టీవీలో ఎన్నికల విషయం ఏదీ రాకూడదు. ముందే రికార్డు చేసి ఇచ్చిన ఇంటర్వ్యూ ఆ గంటల్లో పడకుండా చానెల్‌తో రాతపూర్వకంగా ఖాయం చేసుకోండి.

ఊళ్లలో మాట్లాడటం స్టూడియోలో మాట్లాడినట్టు ఉండదు. స్టూడియో మైకు మంద్రస్వరాన్ని పట్టుకుంటుంది. ఊరి మధ్య కట్టిన హారన్ స్పీకర్లు మంద్రాన్ని మింగేసి మధ్యస్థాయినే వదులుతాయి. మీ గంభీరమైన గొంతు అక్కడ బుర్రుమని వినిపిస్తుంది. కాస్త పై శ్రుతిలో, వేగం తగ్గించి, వాక్యానికి ఎనిమిది పది మాటలు మించకుండా మాట్లాడండి. రెండు వీధుల అవతలి హారన్ నుంచి మీ మాటే ఆలస్యంగా తిరిగి వస్తుంది, అది ఆగాక తర్వాతి వాక్యం మొదలుపెట్టండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకు వాడకూడదు. జనం మీ షో డైలాగు చెప్పమంటారు, ఒక్కసారి చెప్పి వెంటనే ఆ ఊరి రోడ్డు, నీళ్లు, ఆసుపత్రి దగ్గరికి రండి. డైలాగు దగ్గరే ఆగిపోతే యాంకర్ని చూసి వెళ్లినట్టే వెళ్తారు.

పోలింగ్ రోజు ప్రతి బూత్‌లో మీ ఏజెంటు ఫారం 10 (నియామక పత్రం)తో కూర్చోవాలి, సాయంత్రం ఫారం 17సీ నకలు తీసుకునే రావాలి. అందులో ఆ బూత్‌లో పడ్డ మొత్తం ఓట్లుంటాయి. లెక్కింపు రోజు ఈవీఎం కంట్రోల్ యూనిట్ అంకెతో పోల్చి చూడటానికి అదొక్కటే ఆధారం.

సభలో మొదటి ఏడాది

ఇక్కడ మీరు ప్రశ్న వేసేవాళ్లే, కానీ చర్చను నడిపేది స్పీకరు. పార్టీ బలాన్ని బట్టి చర్చలో సమయం పంచుతారు, కొత్తవాళ్లకు దక్కేది కొద్ది నిమిషాలే. ప్రాంప్టరు ఉండదు, రాసుకున్నది చదవడం పద్ధతి కాదు, నోట్సు చూసుకోవచ్చు. గంట మోగేలోపు ముగించడం మీకు వృత్తిలోనే అబ్బింది. ఆ ఒక్క విద్య సభలో నిజంగా పనికొస్తుంది. తెలుగులో మాట్లాడాలనుకుంటే అనువాదకులు సిద్ధంగా ఉండేలా సభ సిబ్బందికి ముందే తెలియజేయండి.

ప్రశ్నోత్తరాలే మీకు బాగా కలిసొచ్చే చోటు. లోక్‌సభలో ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసివ్వాలి, 150 మాటలు మించకూడదు. రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు (సభలో నోటితో జవాబిచ్చేవి), 230 గుర్తు లేనివి (రాతపూర్వక జవాబువి), బ్యాలెట్ అనే లాటరీ ద్వారా ఎంపిక. నక్షత్ర ప్రశ్న దొరికితే మంత్రి జవాబిచ్చాక రెండు అనుబంధ ప్రశ్నలకు అవకాశం వస్తుంది. డిబేట్‌లో అతిథిని ఇరుకున పెట్టే ప్రశ్న ఇక్కడ ఫలించదు. అంకె అడగండి, తేదీ అడగండి, ఏ ఆఫీసు దగ్గర ఫైలు ఆగిందో అడగండి. నియోజకవర్గం సమస్యకు 377 నిబంధన కింద 250 మాటల్లో నోటీసు ఇస్తే, ఆ తర్వాత మంత్రిత్వ శాఖ నుంచి రాతపూర్వక జవాబు వస్తుంది. టీవీలో కనిపించకపోయినా పని జరిపించేది అదే.

సభలో అన్న మాటకు కోర్టులో బాధ్యత లేదని 105వ అధికరణ చెబుతుంది. అంతమాత్రాన ఎవరినైనా ఏమైనా అనొచ్చని కాదు. ఎవరి మీదైనా పరువుకు భంగం కలిగించే ఆరోపణ చేయాలంటే స్పీకరుకూ, సంబంధిత మంత్రికీ తగినంత ముందుగా నోటీసివ్వాలని లోక్‌సభ 353వ నిబంధన. స్టూడియో అలవాటుతో పేరు పెట్టి మాట్లాడితే ఆ భాగం రికార్డుల నుంచి తొలగిస్తారు. తొలగించిన భాగాన్ని మీ ఖాతాలో పెడితే అది సభా హక్కుల ఉల్లంఘన కిందికి రావచ్చు, బయట ప్రచురించినదానికి 105 రక్షణ కూడా ఉండదు. అందుకని సంసద్ టీవీ క్లిప్పును ఆ సాయంత్రమే పెట్టాలని తొందరపడొద్దు, తొలగింపులేమైనా ఉన్నాయేమో చూసుకున్నాకే ఎక్కించమని మీ సోషల్ మీడియా టీమ్‌కు మొదటి రోజే చెప్పి ఉంచండి.

పాత షో కొనసాగించాలనుకుంటే రెండు అడ్డంకులు గుర్తుంచుకోండి. సభ అనుమతి లేకుండా 60 రోజుల పాటు సమావేశాలన్నిటికీ రాకపోతే స్థానం ఖాళీ అయినట్టు ప్రకటించవచ్చు. రాజ్యసభ సభ్యులైతే జీతం వచ్చే వ్యాపకం, చెల్లింపు ఉన్న కన్సల్టెన్సీ, వృత్తిపరమైన ఒప్పందం ఏదున్నా ప్రయోజనాల రిజిస్టరులో నమోదు చేయాలి. లోక్‌సభ సభ్యులు ప్రమాణం చేసిన 90 రోజుల్లో ఆస్తులు, అప్పులు స్పీకరుకు తెలపాలి. సమాచార, ప్రసార శాఖకు సంబంధించిన కమిటీలో చోటిస్తామంటే, ఇంకా ఏదైనా చానెల్ నుంచి డబ్బు తీసుకుంటున్నవాళ్లు ఆ సంగతి ముందే కమిటీ అధ్యక్షుడికి రాసి చెప్పాలి, లేదా ఆ చోటు వద్దనాలి.